పాత బ్లాగు వదిలి వెళ్తున్నాను, చెరిపేయనా?

ప్రశ్న: అక్కా, మాది కాకినాడ. 2008లో బ్లాగు మొదలుపెట్టాను. తెలుగు టైపు చేసుకునే లేఖిని సైటులో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ టైపు చేసిన రోజులవి. మా అమ్మ వంటలు, తాతగారి ఊరు, బ్యాంకు ఉద్యోగంలో చూసిన మనుషులు, ఇవే రాశాను. మొత్తం 386 టపాలు (పోస్టులు). 2016 నుంచి బాగా తగ్గిపోయింది, ఆఖరిది 2021లో. ఈమధ్య మా కోడలు ఫేస్‌బుక్‌లో ఒక పేజీ తయారుచేసి ఇచ్చింది. అక్కడ ఏదైనా పెడితే గంటలో 40 మంది పలకరిస్తున్నారు. ఇక అక్కడే రాద్దామని ఉంది. మా అబ్బాయి “పాతది డిలీట్ చేసెయ్యమ్మా, రెండు చోట్ల ఎందుకు” అంటున్నాడు. బ్లాగేమో నేనిప్పుడు వాడని పాత ఈమెయిల్ మీద ఉంది. కొన్ని పాత టపాలు చదివితే సిగ్గేస్తోంది కూడా. కానీ నెల్లూరు నుంచి ఒక పెద్దావిడ నేనేం రాసినా కామెంటు పెట్టేవారు. ఆవిడ నాలుగేళ్ల క్రితం పోయారు. ఆవిడ మాటలన్నీ అక్కడే ఉన్నాయి. వాళ్లమ్మాయి ఫేస్‌బుక్‌లో నాకు స్నేహితురాలు. వీడ్కోలు టపా రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను, చెయ్యి ఆడలేదు. ఏం చేయమంటారు? బ్లాగు అడ్రసు కింద ఇస్తున్నాను. నా పేరు వెయ్యొద్దు.

జవాబు: అమ్మా, ఇది మొత్తం చదివే ముందు ఒక పని చేసి రండి. ఆ పాత ఈమెయిల్ తెరవండి. పాస్‌వర్డ్ గుర్తు లేకపోతే అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని అయినా సరే, ఇవాళే తెరవండి. రెండేళ్ల పాటు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాలను తీసేస్తామని గూగుల్ 2023 మేలో చెప్పింది. ఆ ఏడాది డిసెంబరు నుంచి ఆ పని మొదలుపెట్టింది. మీ బ్లాగు ఉన్న బ్లాగర్ (బ్లాగ్‌స్పాట్) గూగుల్ వాళ్లదే కాబట్టి, ఖాతా పోతే దాని మీదున్న బ్లాగుకూ దిక్కుండదు. ఉంచాలా తీసేయాలా అని మీరు ఆలోచిస్తూ ఉండగానే అది దానంతట అది పోయిందంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

లోపలికి వెళ్లాక రికవరీ ఫోన్ నంబరు చూడండి. 2008 నాటి నంబరే ఉండి ఉంటుంది, ఇప్పటిది పెట్టండి. తర్వాత బ్లాగు సెట్టింగ్స్‌లో కొత్త రచయితలను ఆహ్వానించే చోటు ఉంటుంది. మీరు రోజూ వాడే ఈమెయిల్ ఒకటి, కోడలి ఈమెయిల్ ఒకటి అక్కడ ఇవ్వండి. వాటికి మెయిల్ వస్తుంది. అది ఒప్పుకున్నాక ఇద్దరినీ అడ్మిన్లుగా మార్చండి. ఇంటికి ఒకటే తాళం చెవి ఉంటే మనం ఊరుకుంటామా? రెండోది చేయించి దగ్గరివాళ్ల చేతికిస్తాం. ఇదీ అంతే, పది నిమిషాల పని.

అయిందా? ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను.

వెళ్లిపోవడం గురించి మీరు అంతగా మథనపడక్కర్లేదు. మనం రాయడం మొదలుపెట్టిన రోజుల్లో టపా వేస్తే కాసేపటికి కూడలిలో, అంటే అందరి కొత్త టపాలూ ఒకచోట చూపించే సంకలిని సైటులో, కనిపించేది. జల్లెడ ఉండేది, హారం ఉండేది, మాలిక ఉండేది. మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరో ఒకరు చదివి ఓ ముక్క రాసి వెళ్లేవారు. సాయంత్రానికి దాని కింద ఇంకో నలుగురు చేరేవారు. డిసెంబరు రెండో ఆదివారాన్ని తెలుగు బ్లాగుల దినోత్సవంగా జరుపుకున్నాం. మనం రాసిందంతా ఆ పాతిక మంది కోసమే. ఆ సంకలినుల్లో చాలావరకు ఆగిపోయాయి. నచ్చిన బ్లాగుల్లో కొత్తవి ఒకేచోట చదువుకునే గూగుల్ రీడర్ కూడా 2013 జూలై 1న మూతపడింది. మనుషులు చదివే పద్ధతి కంప్యూటర్ నుంచి ఫోన్‌కు మారింది. మీ రాత తగ్గిందంటే అది మీ బద్ధకం వల్లే అనుకుంటున్నారేమో, మీ ఉత్తరంలో ఆ నొప్పి కనిపించింది. వినేవాళ్లు లేనిచోట ఎంతకాలమని మాట్లాడతాం? ఇప్పుడు మళ్లీ మీ మాటకు పలికేవాళ్లు దొరికారు. హాయిగా వెళ్లండి.

డిలీట్ మాత్రం వద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్తాను.

నిన్న రాత్రి మీ బ్లాగు తెరిచి చాలాసేపు చదివాను. దోసావకాయ టపా దగ్గర ఆగిపోయాను. అమ్మగారు ఆవపిండిని గిద్దతో కొలిచేవారని, ఆ గిద్ద అంచు ఒకచోట సొట్ట పడి ఉండేదని రాశారు. దాని కింద నెల్లూరు పెద్దావిడ కామెంటు ఇలా ఉంది: “మా వైపు ఆవ అంత వేయమమ్మాయీ. అయినా మీ అమ్మగారి కొలత కాబట్టి ఈసారికి అలాగే కలుపుతా.” నాలుగు రోజుల తర్వాత అదే చోట మళ్లీ: “కలిపాను. ఘాటు నషాళానికి అంటింది. మా వారు మళ్లీ వేయించుకున్నారు.” దాని కింద మీరు ఒక నవ్వు గుర్తు మాత్రం పెట్టారు.

ఆ టపా మీది. ఆ రెండు కామెంట్లు మీవి కావు. 386 టపాల కింద అలా ఎంతమంది మాటలున్నాయో చూసుకోండి. మీరు డిలీట్ నొక్కితే మీ రాతతో పాటు వాళ్లవీ పోతాయి, వాళ్లను అడిగే వీలు మీకు లేదు. అందులో ఒకావిడ అయితే ఇప్పుడు లేనే లేరు. మీకు వీడ్కోలు టపా రాయడానికి చెయ్యి ఆడకపోవడానికి అసలు కారణం ఇదేనని నాకు అనిపిస్తోంది. బ్లాగు మూసేస్తుంటే ఆవిడను రెండోసారి సాగనంపుతున్నట్టు ఉంది మీకు. మీరు మీ చోటు మార్చుకోండి, ఆవిడ మాటలను ఉన్నచోటే ఉండనివ్వండి.

అబ్బాయి అడిగినట్టు రెండు చోట్ల ఎందుకు అంటే, కొత్త చోటు పాత చోటు కన్నా ఎక్కువకాలం ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మనవాళ్ల అనుభవమే చూడండి. 2011లో ఫేస్‌బుక్ లాంటిదే గూగుల్ ప్లస్ అని వచ్చినప్పుడు ఎంతోమంది బ్లాగర్లు “ఇక అక్కడే” అని వెళ్లారు. రోజూ సందడే. మంచి మంచి చర్చలు, పద్యాలు, పేరడీలు అన్నీ అక్కడే. 2019 ఏప్రిల్ 2న అది మూతపడింది. ముందే దించుకోనివాళ్ల రాతలన్నీ దాంతోనే పోయాయి. 2013 తర్వాత కొందరు తమ బ్లాగులో కామెంట్ల పెట్టెను కూడా ప్లస్‌కి మార్చుకున్నారు. ప్లస్ పోయిన రోజున టపాలు మిగిలాయి, వాటి కింద ప్లస్ ద్వారా వచ్చిన కామెంట్లు మాత్రం మాయమయ్యాయి. అలాంటిదే ఇంకొకటి, ఆర్కుట్, అంతకు ముందే 2014 సెప్టెంబరు 30న పోయింది. ఇన్ని జరిగినా మీ 2008 నాటి బ్లాగు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. దాన్ని మన చేతులతో మనమే కూల్చుకోవడం దేనికమ్మా?

ఫేస్‌బుక్ పేజీ వద్దని చెప్పడం లేదు. అది మాట్లాడుకునే చోటు. రాసింది దాచుకునే చోటుగా దాన్ని నమ్మకండి. ఇవాళ పెట్టినది ఆరు నెలల తర్వాత వెతకాలంటే మీకే చచ్చే కష్టం. పొడుగు రాతల కోసం అక్కడ నోట్స్ అని ఒక సదుపాయం ఉండేది. 2020 అక్టోబరు ఆఖరుకి కొత్తవి రాసే వీలు తీసేశారు. అందుకని ఒక చిన్న అలవాటు చేసుకోండి. ముందు మీ కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఒక ఫైల్లో రాసుకోండి, తర్వాత పేజీలో అతికించండి. ఆరు నెలలకోసారి ఫేస్‌బుక్ నుంచి మీ సమాచారం మొత్తం దించుకోండి. దించుకునేటప్పుడు జేసన్, హెచ్‌టీఎంఎల్ అని రెండు రకాలు అడుగుతుంది. హెచ్‌టీఎంఎల్ ఎంచుకోండి. జేసన్‌లో మన తెలుగు అక్షరాలు అర్థంకాని గుర్తులుగా వస్తాయి, చూస్తే గుండె ఆగినంత పనవుతుంది.

ఇక పాత బ్లాగుని భద్రం చేసే పని. ఒక ఆదివారం కేటాయించండి, కోడల్ని తోడు తీసుకోండి. బ్లాగర్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ అని ఉంటుంది. గూగుల్ టేకౌట్ అనే చోట నుంచి కూడా బ్లాగర్ ఒక్కటే ఎంచుకుని దించుకోవచ్చు. నేను టేకౌట్ నుంచే తీసుకోమంటాను, దాంట్లో టపాలు, కామెంట్లతో పాటు బొమ్మలు కూడా వస్తాయి. ఆ ఫైలు మీరు తెరిస్తే ఏమీ అర్థం కాదు, కంగారు పడకండి. రేపెప్పుడైనా బ్లాగుని వర్డ్‌ప్రెస్ లాంటి ఇంకో బ్లాగుల చోటికి మార్చాలనుకుంటే ఎక్కించడానికి పనికొచ్చేది అలాంటి ఫైలే. అలా ఎక్కిస్తే కామెంట్లు కూడా పేర్లు, తేదీలతో సహా వస్తాయి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఒకటి, అబ్బాయి దగ్గర ఒకటి పెట్టండి.

మీకు బాగా ఇష్టమైన టపాలను పీడీఎఫ్‌గా కూడా దాచుకోండి. కామెంట్లతో సహా కనిపిస్తున్నాయో లేదో చూసుకుని మరీ సేవ్ చేయండి. అయితే పీడీఎఫ్ ఒక్కటీ ఉంది కదా అని ధైర్యపడకండి. తెలుగు పీడీఎఫ్ చదువుకోవడానికి బాగానే ఉంటుంది, దాంట్లోంచి ఒక పేరా కాపీ చేసి వేరేచోట పెడితే చాలాసార్లు ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురవుతాయి. అక్షరాలు అక్షరాలుగా ఉన్న కాపీ ఒకటి విడిగా ఉండాలి.

బొమ్మల గురించి నా అనుభవం చెప్పాలి. నేను 2007లో బ్లాగు మొదలుపెట్టినప్పుడు ఫోటోలన్నీ వేరే ఒక సైటులో ఎక్కించి, అక్కడి నుంచి లంకె ఇచ్చేదాన్ని. ఉచితం కదా, ఎప్పటికీ ఉంటుందనుకున్నాను. మా నాన్నగారి పద్దు పుస్తకంలో ఒక పేజీ ఉండేది. ఎడమవైపు పాలవాడి లెక్క, కుడివైపు నా స్కూలు ఫీజు, కింద పెన్సిల్‌తో “అమ్మాయికి చెప్పులు” అని రాసి రెండుసార్లు గీత గీసి ఉంటుంది. దాన్ని ఫోటో తీసి టపాలో పెట్టాను. కొన్నేళ్లకు ఆ సైటు వాళ్లు ఉచితంగా చూపించడం ఆపేశారు. ఈలోగా ఒక వానాకాలం పుస్తకమే తడిసి ముద్దయిపోయింది. ఇప్పుడు నా టపాలో ఆ చోట ఒక బూడిదరంగు చదరం ఉంది. దాని కింద “నాన్న దస్తూరీ ఎంత ముద్దుగా ఉందో” అని ఎవరో రాసిన కామెంటు ఉంది. నేను ఆ టపా తెరవడం మానేశాను. మీరు మీ బొమ్మలు ఒక్కొక్కటీ ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. బ్లాగర్‌లోనే నేరుగా ఎక్కించినవైతే ఫర్వాలేదు. వేరే సైటు నుంచి వస్తున్నవి ఏవైనా ఇంకా కనిపిస్తుంటే ఇవాళే దించుకుని మళ్లీ ఎక్కించండి.

అలాగే లంకెలు. 2012 నుంచి కొన్నేళ్లు మన దేశంలో బ్లాగ్‌స్పాట్ బ్లాగు ఏది తెరిచినా అడ్రసు చివర డాట్ ఇన్ అని మారిపోయేది. మనం అదే కాపీ చేసి మన టపాల్లో, తోటి బ్లాగర్ల కామెంట్లలో పెట్టుకున్నాం. 2020లో ఆ డాట్ ఇన్ పేరు గూగుల్ చేతి నుంచి జారిపోయింది. ఆ లంకెలు నొక్కితే తెరుచుకోవు. చాలామంది తమ బ్లాగే పోయిందని ఏడ్చినంత పని చేశారు. బ్లాగులు పోలేదు, చివర డాట్ కామ్ అని మారిస్తే మామూలుగానే తెరుచుకుంటాయి. మీ తాతగారి ఊరి టపాలు ఏడు భాగాలు ఒకదానికొకటి లంకె వేసి ఉన్నాయి, వాటిలో మూడు డాట్ ఇన్ లంకెలే. అవి సరిచేసి వెళ్లండి. దారిన పోయే పాఠకుడు నాలుగో భాగం దగ్గర ఆగిపోకూడదు కదా.

ఇంకొకటి, ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్ గురించి విని ఉంటారు. 1996 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో నడుస్తున్న సంస్థ అది, లాభం చూసుకోదు. అక్కడ ‘సేవ్ పేజ్ నౌ’ అనే పెట్టెలో మీ టపా అడ్రసు ఇస్తే ఆ పేజీ నకలు ఒకటి తీసి పెట్టుకుంటుంది. 386 చేయలేరు. ఒక 50 చేయండి, రోజుకు అయిదు చొప్పున పది రోజులు.

సిగ్గేసే టపాల సంగతికి వద్దాం. మీ మొదటి ఏడాది టపాలు చదివాను. అచ్చుతప్పులున్నాయి, ఆశ్చర్యార్థకాలు ఎక్కువున్నాయి. అవి అలాగే ఉండనివ్వండి. తెలుగు టైపు చేయడం అప్పుడే నేర్చుకుంటున్న మనిషి సంబరం అంతా వాటిలో ఉంది. ఒకటి మాత్రం వేరు. ఆడపడుచు గారి ఇంటి గొడవ గురించి ఊరి పేరుతో సహా రాసినది ఉంది చూడండి. అది అప్పటి కోపంలో రాసింది, ఇవాళ చదివితే ఆవిడ పిల్లలు నొచ్చుకుంటారు. దాన్ని డ్రాఫ్ట్‌లోకి మార్చండి. డ్రాఫ్ట్ చేస్తే టపా, దాని కింద కామెంట్లు మీకు కనిపిస్తాయి, బయటివాళ్లకు కనిపించవు. అలాంటివి మహా అయితే రెండో మూడో ఉంటాయి.

ఒకవేళ ఈ జవాబు వచ్చేలోగా అబ్బాయి ఉత్సాహంగా డిలీట్ చేసేసి ఉంటే టెన్షన్ పడకండి. తీసేసిన బ్లాగుని బ్లాగర్‌లో 90 రోజుల లోపు తిరిగి తెచ్చుకోవచ్చు. చెత్తబుట్టలో ఉంటుంది. అక్కడ ‘పర్మనెంట్’ అన్న మాట ఎక్కడ కనిపించినా దాని జోలికి వెళ్లొద్దని చెప్పండి.

వీడ్కోలు టపా ఎలా రాయాలో తెలియడం లేదన్నారు. బజారులో దుకాణం వేరే వీధికి మారినప్పుడు పాత షట్టర్ మీద ఒక కాగితం అంటిస్తారు. “ఈ షాపు ఫలానా గుడి ఎదుటికి మార్చబడినది.” ఎందుకు మారారో, ఎంత బాధపడ్డారో రాయరు. వచ్చినవాడికి దారి దొరుకుతుంది, అంతే చాలు. మీరు కూడా అంతే రాయండి. ఫలానా తేదీ నుంచి ఇక్కడ కొత్తవి రాయను, ఇక మీదట ఫలానా పేజీలో రాస్తాను, పాతవన్నీ ఇక్కడే ఉంటాయి, మీరు రాసిన కామెంట్లూ ఉంటాయి. నాలుగు వాక్యాలు. క్షమాపణలు అక్కర్లేదు, పదమూడేళ్లు రాసిన మనిషి ఎవరికీ బాకీ లేదు. ఇంకా రాయాలనిపిస్తే, కామెంట్లు పెట్టినవాళ్లలో గుర్తున్న పేర్లు కొన్ని రాయండి. ఎప్పుడో ఒకరోజు వాళ్లు తమ పేరు వెతుక్కుంటూ వస్తారు.

కానీ ఆ టపా చూసేది మీ బ్లాగు మొదటి పేజీకి వచ్చేవాళ్లే. ఎక్కువమంది అలా రారు. ఎవరో హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో కూర్చుని “దోసావకాయ కొలతలు” అని వెతికి నేరుగా ఆ టపా మీద వాలతారు. వాళ్లకు మీ వీడ్కోలు కనబడదు. అందుకని లేఅవుట్‌లోకి వెళ్లి, పైన, బ్లాగు పేరు కిందే, ఒక టెక్స్ట్ గాడ్జెట్ పెట్టి అందులో కొత్త పేజీ లంకె ఇవ్వండి. ఏ టపా తెరిచినా అది కనిపిస్తుంది. కామెంట్ల పెట్టె మూయకండి. మీరు ఒప్పుకున్నాకే కామెంటు కనిపించేలా మోడరేషన్ పెట్టండి, స్పామ్ బయటికి రాకుండా ఆగుతుంది. నా పాత టపా ఒకదానికి పదకొండేళ్ల తర్వాత కామెంటు వచ్చింది, మా ఊరి పోస్ట్‌మాస్టరు గారి మనవడి నుంచి. పెట్టె మూసేసి ఉంటే ఆ అబ్బాయి చదివి వెళ్లిపోయేవాడు, నాకు తెలిసేదే కాదు.

పాతవి కొత్త పేజీకి మొత్తం మోయాలని చూడకండి. నెలకొకటి తీసుకోండి, కాస్త సరిచేసి పెట్టండి. పెట్టినప్పుడు దాని కిందున్న పాత కామెంటు ఒకటి, రాసినవారి పేరు, ఏడాది వేసి కలపండి. కొత్త పాఠకులకు పాతవాళ్లు అలా పరిచయమవుతారు.

చివరగా నెల్లూరు పెద్దావిడ కామెంట్లు. బ్లాగర్‌లో కామెంట్ల విభాగం తెరిస్తే అన్నీ వరసగా వస్తాయి. ఓపిక చేసుకుని ఆవిడవి మాత్రం ఏరండి. ఏ టపా కింద రాశారో, తేదీ ఏమిటో పక్కన రాసుకోండి. నేను చూసినంతలోనే 60 దాటాయి. ముందు వాళ్లమ్మాయికి ఒక మెసేజ్ పెట్టండి, “మీ అమ్మగారు నాకు రాసినవి నా దగ్గరున్నాయి, పంపమంటారా” అని. కొందరికి అలాంటివి చూడటానికి కాస్త సమయం పడుతుంది, జవాబు ఆలస్యమైతే ఏమీ అనుకోకండి. సరేనంటే ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, పోస్టులో పంపండి. అక్షరం కొంచెం పెద్దది వేయించండి. మొదటి పేజీలో దోసావకాయ టపా, దాని కింద ఆవిడ కలిపానని రాసిన కామెంటు ఉండనివ్వండి.